కంచె అవతలి పిలుపు

పిట్ట పేరు చెప్పే మిషన్ ఇంట్లో పెడతానని పావని అన్నప్పుడు పక్కింటి సరోజమ్మ ముక్కున వేలేసుకుంది. "పిట్ట పేరు చెప్పనీకి మిషనెందుకే? కాకి కావుమంటాది, కోకిల కూ అంటాది. మనకి చెవులుండాయి కదా!" అని అడిగింది. అడిగినదాంట్లో తప్పేమీ లేదు. ధర్మవరంలో మగ్గం లేని ఇల్లు కనపడితే ఆశ్చర్యపోవాలి గానీ, మునగచెట్టుకు మైకు కట్టిన ఇంటిని ఎవరైనా చూశారా?

పావనిది పట్టుచీరలకు కంప్యూటరులో డిజైన్లు వేసే పని. అంచులో హంస ఎక్కడ తిరగాలో, కొంగులో నెమలి ఎక్కడ మెడ వంచాలో గళ్లుగళ్లుగా నింపి మగ్గాలవాళ్లకు పంపుతుంది. భర్త వేణుమాధవ్ చీరలు మూటగట్టుకుని బెంగళూరు షాపుల చుట్టూ తిరిగే మనిషి, వారంలో సగం ఇంట్లో ఉండడు. ఇక ఉండేది ఆమె తండ్రి రామాంజినేయులు. జన్మంతా మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకుని బతికిన ఆయన ఒక పొద్దున పోగు అతుకుతూ అతుకుతూ పక్కకు ఒరిగిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. అంతకన్నా ఘోరం, మాట పోయింది. వీధి ఈ చివర నిలబడి పిలిస్తే ఆ చివర వినపడే గొంతు ఆయనది. అందులోంచి ఇప్పుడు "అ... అ..." తప్ప ఇంకేమీ రావడం లేదు.

"మాట మళ్లీ రావచ్చమ్మా," అంది డాక్టరమ్మ. "కానీ పలికించాలి. పలకాలని ఆయనకే బుద్ధి పుట్టాలి. నోరు మూసుకుని కూర్చుంటే మాత్రం వచ్చేది కూడా రాదు."

పావని చేయని ప్రయత్నం లేదు. దేవుళ్ల పేర్లు చెప్పమంది, చుట్టాల పేర్లు చెప్పమంది, చిన్నపిల్లాడికి నేర్పినట్టు అక్షరాలు దిద్దించబోయింది. ఆయన గోడవైపు తిరిగి పడుకున్నాడు. బుద్ధి పుట్టింది ఒక్కదానికే. ఇంటి వెనక పెరడు, పెరడు చివర కంపకంచె, కంచె అవతల వేరుశనగ చేను. వెనక వసారాలో కుర్చీ వేసి కూర్చోబెడితే, కంచెలో కౌజుపిట్ట కూసినప్పుడల్లా ఆయన ఎడమ చెయ్యి పైకి లేచేది. పెదవులు కదిలేవి. పేరు మాత్రం నాలుక చివరే ఆగిపోయేది. ఆ పేరును బయటికి లాగడానికే పావని మిషన్‌కు పూనుకుంది.

అరచేతిలో పట్టే కంప్యూటరు బోర్డు ఒకటి తెప్పించింది. కూత విని పిట్టను గుర్తుపట్టే ప్రోగ్రామును ఎవరో పుణ్యాత్ములు ఇంటర్నెట్లో ఊరికే ఇస్తున్నారు, దాన్ని బోర్డులోకి ఎక్కించింది. మైకుకు స్పాంజి తొడిగి, వాన తగలకుండా సగానికి కోసిన నూనె సీసా బోర్లించి, మునగకొమ్మకు కట్టింది. వైరు వంటింటి కిటికీలోంచి లోపలికి లాగింది. వసారాలో స్పీకరు డబ్బా పెట్టింది. మిషన్ చెప్పే ఇంగ్లీషు పేర్లు నాయనకు ఏం పనికొస్తాయి? అందుకని ఒక్కో పేరూ తెలుగులో తనే పలికి నింపింది. పిట్ట కూయగానే డబ్బాలోంచి పావని గొంతు "నాయనా, గోరింక" అంటుంది. ఆయన తిరిగి పలకాలి. అదీ ఏర్పాటు.

మొదట్లో ఆ మిషన్ చేసిన కంగాళీ అంతా ఇంతా కాదు. కుక్కరు విజిలేస్తే గద్ద అంది. సరోజమ్మ ఇంట్లో మగ్గం ఆడితే వడ్రంగిపిట్ట అంది. మగ్గం ఆడినంతసేపూ "నాయనా, వడ్రంగిపిట్ట... నాయనా, వడ్రంగిపిట్ట" అని ఒకటే పాట. సరోజమ్మ గోడ మీద నుంచి తల పెట్టి, "మా ఇంట్లో వడ్రంగిపిట్ట యాడుండాదే? నా మొగుడేనా ఏంది?" అని పడీ పడీ నవ్వింది. రామాంజినేయులు కూడా నవ్వాడు. మంచాన పడ్డాక ఆయన నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు చూసి పావని మిషన్ చేసిన తప్పులన్నీ క్షమించేసింది.

తర్వాత ఒక పొద్దున కంచెలో పుంజు గొంతెత్తింది. కౌజుపుంజు కూత మామూలుగా ఉండదు. "కటీలా, కటీలా" అని చేలో ఉన్న మగపిట్టలన్నిటినీ తగాదాకు రమ్మన్నట్టే ఉంటుంది. డబ్బా "నాయనా, కౌజు" అంది. పావని వంటింట్లో ఉంది. వసారాలోంచి "కౌ... జూ" అని వినపడింది. చేతిలో గరిటె చేతిలోనే ఉండిపోయింది. పుంజు మళ్లీ కూసింది, దాని వెంటే నాయన గొంతు, పాత గొంతు, వీధంతా వినపడే గొంతు: "పావనీ! కౌజూ! రామ్మా!"

పావని పరుగెత్తుకుంటూ వెళ్లి ఆయన ఒళ్లో తల పెట్టుకుని భోరుమంది. ఆ కూత, ఆ పిలుపు మైకులో పడ్డాయి. ఆ రికార్డు ముక్కను "నాయనకు మాట వచ్చింది!" అని రాసి ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో పెట్టింది. తమ్ముడు సునీల్ వెంటనే ఫోన్ చేశాడు. వాడు పెళ్లయ్యాక పెనుకొండలో కాపురం పెట్టాడు, హిందూపురం మార్కెట్ నుంచి పట్టుగూళ్లు తోలే వ్యాను డ్రైవరు. నాయనంటే ప్రాణం. "నాయన మాట ఎన్నిసార్లు విన్నానో అక్కా, విని విని ఏడుస్తాండా," అన్నాడు. ఆ ఊపులో పావని ఇంకో పని కూడా చేసింది. ఏ పిట్ట ఏ పూట ఎన్నిసార్లు కూసిందో మిషన్ తనంతట తనే రోజూ ఆ గ్రూపుకు పంపేలా పెట్టింది. ఇంట్లోవాళ్లే కదా, చూసి సంతోషపడతారని అనుకుంది.

రామాంజినేయులు రోజుకో మాట పోగేసుకోసాగాడు. ఎడమ చేత్తో కొర్రలు చల్లి "రామ్మా, రామ్మా" అని పిలిస్తే కౌజుపెట్ట, దాని పిల్లలు కంచె దాటి పెరట్లోకి వచ్చేవి. పుంజు మాత్రం బింకంగా వెనక నిలబడేది. దానికి ఆయన 'దొర' అని పేరు పెట్టాడు.

ఆ రోజుల్లోనే ఒక ఆదివారం సునీల్ స్టీలు క్యారియరు తెచ్చాడు. భార్య రోజా వండి పంపిందట. మూత తీస్తే మసాలా వాసన ఇల్లంతా కమ్మింది.

"ఏం కూరరా?" అంది పావని.

"పిట్ట కూర. నాయనకి బలం," అన్నాడు వాడు.

సోమందేపల్లి హైవే మీద డాబాల్లో వేలాడదీసి అమ్మే, ఫారాల్లో పెంచే కంజుపిట్టలు అనుకుంది పావని. ఈ చుట్టుపక్కల పిట్ట కూర అంటే ఎవరైనా అదే అనుకుంటారు. తన చేత్తోనే ఎముకలు ఏరి, మెత్తగా చిదిమి, నాయన నోట్లో ముద్దలు పెట్టింది. ఆయన తిని, పెదవులు నాక్కుని, "బా...గుండాది" అన్నాడు. ఒక్క ముక్క కాదు, నిండు మాట. దాన్ని కూడా మురిసిపోతూ గ్రూపులో రాసింది పిచ్చితల్లి. తర్వాతి ఆదివారం మళ్లీ క్యారియరు వచ్చింది.

దొర కనపడటం మానేశాడు. పెట్ట ఒక్కతే పిల్లల్ని వేసుకుని తిరుగుతోంది. "దొర... యాడ?" అని రామాంజినేయులు కంచెవైపు చూస్తూనే ఉన్నాడు. వింత ఏమిటంటే, మిషన్ మాత్రం పుంజు కూసిందనే చెబుతోంది. ఆదివారం పొద్దున, నాయన ఇంకా నిద్ర లేవకముందు, సంగతేమిటో చూద్దామని పావని చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని అప్పుడే పడిన కూతను వినసాగింది. కటీలా, కటీలా. దొరే, సందేహం లేదు. దాని వెనక సన్నగా, దూరంగా, ఎవరో పిలుస్తున్నారు.

"పావనీ! కౌజూ! రామ్మా!"

పావని హెడ్‌ఫోన్ తీసి గబగబా మంచం దగ్గరికి వెళ్లింది. నాయన గోడవైపు తిరిగి గాఢంగా నిద్రపోతున్నాడు, నోరు మూసే ఉంది. పాత రికార్డేమోనని టైము చూసింది. కాదు, ఇప్పటిదే. పడుకున్న మనిషి మంచంలో ఉండగా ఆయన గొంతు బయట తిరగడమేమిటి? కిటికీ దగ్గరికి వెళ్లి చెవి పెట్టింది. ఇప్పుడు హెడ్‌ఫోన్ అక్కర్లేదు. కంచె అవతల, చేనులోంచి, నాయన ఆమెను పేరు పెట్టి పిలుస్తున్నాడు. ఒక్క క్షణం, దేవుడా, మనిషి పోయాడా ఏంది అనిపించి మళ్లీ మంచం దగ్గరికి ఉరికి ఆయన ఛాతీ మీద చెయ్యి పెట్టి చూసింది. ఊపిరి ఆడుతోంది.

కొంగు నడుముకు దోపుకుని, కంచె సందులోంచి దూరి, చేతులు గీరుకుంటున్నా లెక్కచేయక చేలోకి వెళ్లింది. గట్టు మీద తంగేడు పొద వెనక ఒక మనిషి గొంతుక్కూర్చుని ఉన్నాడు. ముందర చిన్న బ్లూటూత్ స్పీకరు, ఎర్ర లైటు మినుకుమినుకుమంటోంది. దాని చుట్టూ పుల్లలు గుచ్చి నైలాన్ ఉచ్చులు. పక్కన గోతాం సంచి, అందులో ఏదో కదులుతోంది. మనిషి తల తిప్పాడు. సునీల్!

"అక్కా! నువ్వెందుకొచ్చినావు ఈడికి? కాళ్లకి చెప్పులు కూడా ల్యావు," అన్నాడు నవ్వుతూ. దొంగ పని చేస్తూ దొరికినవాడి మొహం కాదది. అదే పావనిని ముందుగా కొట్టింది.

"ఏందిరా ఇది?"

"కౌజులక్కా. నాయనకి. డాక్టరమ్మ బలమైన తిండి పెట్టమన్యాదని నువ్వే గదా చెప్పింది. కౌజు కూర కంటే బలమేముంటాది? మీ వెనక చేన్లోనే గుంపు ఉండాదని నీ మిషనే రోజూ చెప్తాండాది. పొద్దున ఎన్ని గంటలకి కూస్తాయో కూడా చెప్తాది. బలే మిషనక్కా అది!"

పావని కదులుతున్న సంచివైపు చూసింది. "క్యారియరులో తెచ్చింది కంజులు కదా?"

"ఫారం కంజులు నేను నాయనకి పెడతానా! ఈ చేన్లోవే."

"మా కంచెలో పుంజు?"

"అబ్బా, మొనగాడక్కా అది! ఫస్టు పడింది అదే. స్పీకరు పెట్టీ పెట్టకనే రెక్కలు విదిలించుకోని కొట్లాటకొచ్చింది. అది దాని గొంతేనని దానికి తెలీదు గదా. ఎవుడో నా జాగాలోకి వచ్చినాడని ఉరుక్కుంటా వచ్చి నేరుగా ఉచ్చులో కాలు పెట్టింది."

పావని ఆ వేరుశనగ చెట్ల మీదే కూలబడింది. తన గొంతు తనే విని, తనతోనే కొట్లాడటానికి వచ్చి చచ్చింది దొర. దాన్ని తనే ఎముకలు ఏరి, చిదిమి, నాయనకు పెట్టింది. ఆయన బాగుండాది అన్నాడు. పక్కకు తిరిగి కక్కుకుంది. సునీల్ కంగారుగా వచ్చి వీపు నిమరబోతే, లేచి వాడి చెంప ఛెళ్లుమనిపించింది.

"దాని పేరు చెప్పడానికి నాయన నోరు తెరిచినాడ్రా! రోజూ దానికి కొర్రలు వేసినాడ్రా! ఆయన చేతనే దాన్ని తినిపించినావు కదరా!"

వాడికి అప్పటికి అర్థమైంది. నవ్వు పోయింది, మొహం పాలిపోయింది, చెంప మీద చెయ్యి పెట్టుకుని అలాగే నిలబడిపోయాడు. కంచే చేను మేసినట్టయిందని తిట్టడానికి కూడా లేదు. వాడు పాపం నాయన కోసమే చేశాడు. పావని గ్రూపులో పెట్టిన రికార్డుతోనే చేశాడు. సంచి మూతి విప్పి బోర్లించాడు. నాలుగైదు కౌజులు బుర్రుమని ఎగిరి చేనులో పడ్డాయి. ఉచ్చులన్నీ పళ్లతో కొరికి తెంపేశాడు.

"నాయనకి చెప్పొద్దక్కా. నీ కాళ్లు పట్టుకుంటా," అన్నాడు ఏడుస్తూ.

ఏమని చెబుతుంది? ఆ పిట్టల మీద ఆశతో ఒక్కో మాటా కూడబెట్టుకుంటున్న మనిషికి ఈ సంగతి చెబితే ఆయన నోరు మళ్లీ మూతపడుతుంది. దొర వేరే చేనుకు పోయాడు నాయనా, పెట్ట, పిల్లలు ఉన్నాయి కదా, అని ఇంటికొచ్చి అబద్ధమాడింది. ఆయన తలూపాడు. గ్రూపుకు పోయే రోజువారీ కబురును ఆపేసింది. తను పెట్టిన రికార్డును చెరిపేసింది. ఇక గండం గడిచిందనే అనుకుంది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే మంట ఎక్కడ తగ్గుతుంది?

వారం మధ్యలో ఒక పొద్దున. రామాంజినేయులు వసారాలో కుర్చీలో కూర్చుని కొర్రల గిన్నె ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. పావని ముందు గదిలో కంప్యూటరు దగ్గర ఉంది. డబ్బా "నాయనా, కౌజు" అంది. వెంటనే చేనులోంచి పెద్దగా, ఇంటి గోడలకు తగిలేంత పెద్దగా:

"పావనీ! కౌజూ! రామ్మా!"

కోపంతో పావని ఫోన్ తీసి సునీల్‌కు కొట్టింది. "ఏరా, ఉచ్చులు తెంపి వారం కాలేదు, మళ్లీ వచ్చినావా? సిగ్గుండాదా నీకు?"

అవతల గూళ్ల వేలంపాట కేకలు హోరెత్తిపోతున్నాయి. "యాడికొచ్చినానక్కా? నేను హిందూపురం మార్కెట్లో ఉండా! అమ్మతోడు!"

"మరి ఈడ కూయిస్తాండేది ఎవురు?"

వేలంపాట మాత్రం సాగుతోంది. "చెప్పరా!"

"ముందే... మా డ్రైవర్ల గ్రూపులో పెట్టినా అక్కా. పిట్టలు బలే వస్తాండాయని. వాళ్లు ఇంకో గ్రూపుకి, వాళ్లు ఇంకో దానికి... నల్లమాడ, సోమందేపల్లి, యాడ చూసినా అదే అంట. నిన్న నల్లచెరువోడు ఒకడు నాకే తిరిగి పంపినాడు. ఇది వాడి చూడన్నా, తిరుగు ల్యాదు అని."

పావని ఫోన్ విసిరేసి వెనక తలుపులోంచి ఉరికింది. వసారాలో నాయన మొహం చూడ్డానికి కూడా ధైర్యం చాలలేదు. కంచె దాటి పోయేసరికి గట్టు మీద ఇద్దరు మనుషులు ఉచ్చులు చుట్టుకుని బైకు ఎక్కబోతున్నారు. స్పీకరు హ్యాండిలుకు వేలాడుతోంది. అది ఇంకా పిలుస్తూనే ఉంది.

"ఆపండప్పా! ఆపండి! ఆ గొంతు మా నాయనది!"

పెద్దవాడు స్పీకరు నొక్కి ఆపాడు. "ఏ గొంతమ్మా?"

"రామ్మా అని పిలిచేది. అది మా నాయన. రామాంజినేయులు. ఈ ఇల్లే మాది."

వాళ్లిద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చిన్నవాడు బైకు దిగి, తలకు చుట్టుకున్న తువ్వాలు తీసేశాడు. "నిజమా అక్కా? ఆయప్ప బతికే ఉండాడా? ఎవరో పాతకాలం వేటగాడు, చచ్చిపోయినాడని చెప్పినారే మాకు!"

"వేటగాడా?" పావనికి తను విన్నది తనకే నమ్మబుద్ధి కాలేదు.

"అవునక్కా. ఆ పిలుపులోనే ఉండాదంట మహిమంతా. ఒగడు ఆ మాట కోసేసి ఒట్టి పిట్ట కూత పెట్టి చూసినాడంట, ఒక్కటి కూడా పడలేదంట. ఆయప్ప రామ్మా అంటేనే పిట్ట వస్తాది. అందుకే ఎవురూ దాన్ని కొయ్యరు." వాడు ఇంటివైపు తిరిగి నిజంగానే దండం పెట్టాడు. తర్వాత సంచిలో చెయ్యి పెట్టి ఒక కౌజును తీసి, రెండు చేతులతో, గుడిలో ప్రసాదం ఇచ్చినట్టు ఆమె చేతిలో పెట్టాడు. "ఈ పొద్దు ఇది ఒగటే పడింది. ఆయప్పకి ఇవ్వక్కా. మా తరఫున అని చెప్పు."

పెట్ట. మెడ విరిచేసి ఉంది. ఒళ్లు ఇంకా వెచ్చగానే ఉంది. పావని తిట్టాలనుకుంది, కొట్టాలనుకుంది, ఫారెస్టోళ్లకు పట్టిస్తానని అరవాలనుకుంది. వాళ్ల మొహాల్లో ఉన్న భక్తి ఆమెను ఆపేసింది. బైకు వెళ్లిపోయాక కూడా అక్కడే నిలబడిపోయింది. ఇన్ని ఊళ్ల చేలల్లో పొద్దున్నే నాయన తన పేరు పెట్టి రమ్మని పిలుస్తాడు, పిట్టలు వచ్చి ఉచ్చుల్లో కాళ్లు పెడతాయి. ఎవరిని ఆపమంటుంది? ఎంతమంది కాళ్లు పట్టుకుంటుంది?

ఇంటికి వచ్చేసరికి రామాంజినేయులు కుర్చీలో లేడు. ఎడమ చేత్తో వసారా స్తంభాన్ని కావలించుకుని, పడిపోయిన కాలు ఈడ్చుకుంటూ, లేచి నిలబడ్డాడు. కొర్రలన్నీ నేల మీద ఒలికిపోయాయి. కళ్లు చేనువైపే ఉన్నాయి.

"ఆడ... నేనా?" అన్నాడు. "నేను... పిలుస్తాండానా?"

పావని పెట్టను కొంగు కింద దాచుకోబోయింది. ఆయన చూసేశాడు. పెట్టను చూశాడు, కూతురి మొహం చూశాడు, వంటింటి గూట్లో కడిగి బోర్లించిన స్టీలు క్యారియరు వైపు చూశాడు. మాట పోయింది గానీ బుద్ధి ఎక్కడికి పోయింది?

"కూర?" అన్నాడు.

అబద్ధం చెప్పడానికి పావని నోరు తెరిచింది. రాలేదు. తల మాత్రం ఊపింది. "నాకు తెలీదు నాయనా. వానికీ తెలీదు. నీ గొంతు వచ్చిందని సంబరపడి నేనే అందరికీ పంపినా. దాన్ని పెట్టి పడతాండారు. దొరను కూడా అట్లే..." అంటూ ఏడ్చేసింది. ఆయన మెల్లగా కుర్చీలోకి దిగి, ఎడమ అరచేతిని పెదవులకు రుద్దుకున్నాడు. మళ్లీ రుద్దుకున్నాడు. అంటుకున్నదేదో పోనట్టు రుద్దుతూనే ఉన్నాడు.

అప్పుడే కంచెలోంచి సన్నగా కీచుకీచుమని వినపడింది. పిల్లలు! తల్లి కోసం అరుస్తున్నాయి. పావని పెట్టను గంప కింద పెట్టి పరుగెత్తింది. అలికిడికి అన్నీ ముళ్లల్లోకి దూరి నిశ్శబ్దమైపోయాయి. వెనక్కి వస్తే మళ్లీ కీచుమంటాయి, పోతే దాక్కుంటాయి. సరోజమ్మ గోడ మీద పిల్లి వచ్చి కూర్చుంది, తోక ఆడిస్తూ కంచెవైపే చూస్తోంది.

పెట్ట పిల్లల్ని పిలుచుకునే చిన్న గొణుగుడు మిషన్‌లో ఉంది. ఎన్నో పొద్దులు మైకులో పడింది. పావనికి అది గుర్తురాగానే ఒళ్లు కంపరమెత్తింది. మళ్లీ అదే పనా? చచ్చినదాని గొంతుతో బతికున్నవాటిని పిలవడమా? కానీ పిల్లి ముందుకాలు చాపి గోడ దిగడానికి చూస్తోంది. స్పీకరు డబ్బాను పెరట్లో నేల మీద పెట్టి, మిషన్‌లో ఆ గొణుగుడు వెతికి, కళ్లు మూసుకుని నొక్కింది.

కుర్... కుర్... కుర్... అని తల్లి మెల్లగా పిలిచింది. కంపలో ఆకులు కదిలాయి. ఒక పిల్ల బయటికి వచ్చింది, దాని వెనక ఇంకోటి, తర్వాత గుంపంతా. బెదురు లేదు, అనుమానం లేదు. తుడిచిన నేల మీద ఉరుక్కుంటూ వచ్చి డబ్బాను ఒరుసుకున్నాయి, దాని కిందికి దూరాలని ముక్కులతో పొడిచాయి. ఇంత తేలికా? ఇంత తేలిగ్గా నమ్ముతాయా? పావని ఇంకో గంపను వాటి మీద బోర్లించింది.

ఒక్కటి మిగిలిపోయింది. అది డబ్బా దగ్గరికి రాలేదు. రోజూ కొర్రలు పడే చోటుకు వచ్చి నిలబడి, తల ఎత్తి, కుర్చీలో ఉన్న ముసలాయనవైపు చూస్తోంది. పావని దగ్గరికి పోతే కంచెలోకి ఉరుకుతుంది, ఆగితే మళ్లీ వస్తుంది. పిల్లి గోడ దిగింది.

"పిలువు నాయనా," అంది పావని గుసగుసగా. "నువ్వు పిలిస్తే నీ కాళ్ల దగ్గరికి వస్తాది. ఒక్కసారి పిలువు."

రామాంజినేయులు పెదవులు విడివడ్డాయి. మాట నోటి దాకా వచ్చింది, గొంతు దగ్గర నరం కదలడం పావనికి కనపడింది. అంతలో ఆయన ఎడమ చెయ్యి పైకి లేచి నోటిని గట్టిగా మూసేసింది.

"రామ్మా అను నాయనా! నీకు దండం పెడతా, ఒక్క మాట!"

ఆయన కళ్లలోంచి నీళ్లు కారి వేళ్ల మీదుగా జారాయి. చెయ్యి తీయలేదు. పిల్ల ఇంకా ఆయనవైపే చూస్తూ అక్కడే నిలబడి ఉంది.